మీ ఇంటి పైన వంక ఎక్కడుంది? శేషాచలం కింద ఉండేవాళ్లకు కొండచరియల మార్గదర్శి

వాయుగుండం పట్టి రెండు రోజులు ముసురు వదలకుండా కురిస్తే, తిరుపతిలో ఏ మిద్దె ఎక్కి చూసినా కొండ మీద తెల్లటి గీతలు కనిపిస్తాయి. మబ్బు కాస్త పైకి లేచిందంటే ఇంకా బాగా తెలుస్తాయి. అవన్నీ జలపాతాలు. అందరం ఫోన్లు తీసి వీడియోలు పడతాం, స్టేటస్‌లో పెడతాం. నేనూ ఏళ్ల తరబడి అదే పని చేశాను. 2021 నవంబరులో కొండ కింద కాలనీలో ఉండే మా పెద్దమ్మ వాళ్ల మిద్దె మీద నిలబడి చూస్తుంటే, ఆమె అడిగింది: "ఆ నీళ్లన్నీ యాడికి దిగతాయి నాయనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఉంటున్న ఆమెకూ తెలియదు. ఆ తర్వాత దీని గురించి చదివాను, ఎండాకాలాల్లో కొండ అంచు వెంబడి నడిచాను, పాతవాళ్లను అడిగాను. మా ఇంటివాళ్ల కోసం రాసిపెట్టుకున్న పద్ధతే ఇది. చంద్రగిరి, తిరుపతి, ఏర్పేడు, నగరి, నారాయణవనం వైపు కొండ మొదట్లో ఇళ్లు, తోటలు ఉన్నవాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ వివరంగా పెడుతున్నాను.

ముందుగా: కొండ మీది నుంచి వచ్చేది ఏమిటి

కొండచరియలు అనగానే మనకు ఘాట్ రోడ్డు మీద పడిన బండ గుర్తొస్తుంది. అది ఒక రకం. తిరుమల ఘాట్‌లో వెళ్తూ రాతిగోడను గమనించండి. పైన పలకలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉండేది క్వార్ట్‌జైట్. దాని కింద ఉండేది చాలా పాత గ్రానైట్. ఆ రెండింటి వయసుకూ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల తేడా ఉంది. అవి కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కనే కనబడుతుంది, జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. మన సంగతికి ముఖ్యమైనది ఆ పైపొర. గట్టి రాయే గానీ నిలువునా అడ్డంగా పగుళ్లతో నిండి ఉంటుంది. ఆ సందుల్లోకి నీళ్లు, చెట్ల వేర్లు దిగుతాయి. సందులో నిలిచిన నీరు బండను బయటికి నెడుతుంది. ఒకరోజు అది ఊడి కింద పడుతుంది.

రెండో రకం కొండ కింద ఇళ్లున్నవాళ్లకు ఇంకా ప్రమాదం. ఏళ్ల తరబడి రాలిన రాళ్లు, మట్టి, ఎండుకొమ్మలు కొండ ముడతల్లో, వంకల్లో పేరుకుని ఉంటాయి. మామూలు వానకు అవి కదలవు. నాలుగైదు రోజులు నాని, మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండాక, ఆ నీటి ఒత్తిడికి రేణువుకూ రేణువుకూ మధ్య పట్టు పోతుంది. ఆ సమయంలో ఒక గంట కుండపోత పడితే అంతా ఒక్కసారిగా కదిలి వంక వెంట దిగుతుంది. నిపుణులు దీన్ని డెబ్రిస్ ఫ్లో అంటారు. నేను రాళ్ల బురద అని రాస్తాను.

ఇది వరద కాదు. తడి కాంక్రీటు లాంటిది. ఒక ఘనమీటరు నీరు ఒక టన్ను తూగితే, ఒక ఘనమీటరు రాళ్ల బురద రెండు టన్నుల దాకా తూగుతుంది. అందుకే కారంత బండను కూడా మోసుకొస్తుంది, ఎందుకంటే అంత చిక్కటి బురదలో బండ తన బరువులో నాలుగింట మూడొంతులు కోల్పోతుంది. పెద్ద రాళ్లు ముందు భాగంలోకి చేరి, గోడలా నడిచొస్తాయి. వేగం గంటకు 15 కిలోమీటర్ల నుంచి, ఏటవాలు ఎక్కువైన చోట 50 దాటి కూడా ఉంటుంది. చూశాక పరిగెత్తొచ్చు అనుకునేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

సాధారణంగా 25 డిగ్రీలు దాటిన వాలులో మొదలై, వాలు 10 డిగ్రీల కంటే తగ్గిన చోట నెమ్మదించి, విసనకర్ర విప్పినట్టు పరుచుకుంటుంది. ఆ విసనకర్ర నేల కొంచెం ఎత్తుగా, చదునుగా, నీళ్లకు దగ్గరగా ఉంటుంది. మనుషులు ప్లాట్లు వేసుకునేదీ అక్కడే. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే విషయం ఇదే.

మొదటి పని: ఎండాకాలంలో వంక వెంట నడవండి

ఈ పని మార్చి, ఏప్రిల్‌లో చేయాలి. ముందు ఫోన్‌లో మ్యాప్ తెరిచి టెర్రైన్ పెట్టండి, లేదా ఇస్రో వాళ్ల భువన్ చూడండి. మీ ఇంటి పైన కొండలో ముడతలు ఎటు దిగుతున్నాయో గీత గీయండి. ఆ గీత మీ వీధికి ఎంత దూరంలో ఆగింది? తిరుపతిలో చాలా వంకలు కాలనీ మొదట్లో మాయమైపోతాయి. పైన వంక ఉంటుంది, కింద మోరీ ఉంటుంది, మధ్యలో సిమెంటు రోడ్డు ఉంటుంది. వంక పోలేదు, దాని మీద మనం ఉన్నాం.

తర్వాత కాలినడకన వెళ్లండి. అడవి శాఖ హద్దు దాటవద్దు, దాటాల్సిన అవసరమూ లేదు. హద్దు దగ్గరే కావాల్సినంత కనిపిస్తుంది.

వంక గట్టును కోసిన చోట మట్టిని చూడండి. మామూలు వాగు నీళ్లు ఇసుకను ఒక పొరగా, గులకరాళ్లను ఒక పొరగా వేరుచేసి పరుస్తాయి. రాళ్ల బురద అలా వేరుచేయదు. తలకాయంత రాయి, పిడికెడు రాయి, బంకమట్టి, అన్నీ కలగాపులగంగా ఒకే ముద్దలో ఉంటాయి. అలాంటి గట్టు కనిపిస్తే, ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికి రాళ్ల బురద వచ్చిందని అర్థం. వంకకు రెండు వైపులా కట్ట కట్టినట్టు రాళ్ల వరుసలున్నా అదే గుర్తు. చదును నేలలో, చుట్టుపక్కల రాతికొండ లేని చోట ఒంటరిగా గది అంత గుండు కూర్చుని ఉంటే, అది ఎవరో తెచ్చి పెట్టింది కాదు. పాత చెట్ల కాండాలకు కొండ వైపున మాత్రమే నడుము ఎత్తులో దెబ్బల మచ్చలున్నాయేమో కూడా చూడండి.

పాతవాళ్లను అడిగేటప్పుడు "కొండచరియలు పడ్డాయా" అని అడిగితే లేదంటారు. "ఎప్పుడైనా వంకలో రాళ్లు దొర్లిన శబ్దం విన్నారా", "గొర్రెల దొడ్డిని ఇక్కడి నుంచి ఎందుకు మార్చారు" అని అడగండి. మా పెద్దమ్మ వీధి చివర ఉండే ఒక తాత ఈ రెండో ప్రశ్నకు అరగంట మాట్లాడాడు. ఇప్పుడు అపార్ట్‌మెంటు ఉన్న చోట వాళ్ల నాన్న రాత్రిపూట మేకలను కట్టేవాడు కాదట.

చివరగా కల్వర్టులు. పైప్ వేసి మట్టి కప్పిన కల్వర్టు నీటికి సరిపోవచ్చు, చెట్టు మొద్దూ రాళ్లూ కలిసొస్తే నిమిషంలో మూసుకుపోతుంది. అప్పుడు ప్రవాహం వంకను వదిలి రోడ్డెక్కుతుంది. మీ వీధికి పైన ఉన్న ప్రతి కల్వర్టు దగ్గరా నిలబడి, ఇది మూసుకుపోతే నీళ్లు ఎటు తిరుగుతాయని చూసుకోండి.

రెండో పని: వానను కొలవండి

టీవీలో జిల్లా మొత్తానికి చెప్పే అంకె మీ వంకకు సరిపోదు. తిరుపతిలో చినుకులు పడుతుంటే తిరుమలలో కుండపోత ఉండొచ్చు. తూర్పు నుంచి వచ్చే తడిగాలి కొండకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడి అక్కడే కురుస్తుంది. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. విశాఖ, అనూరాధ కార్తెల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అనే మాట వినగానే కొలత మొదలుపెట్టాలి.

నిటారు గోడలున్న ప్లాస్టిక్ డబ్బా ఏదైనా చాలు. అడుగూ పైభాగమూ ఒకే వెడల్పు ఉండాలి. స్కేలు అతికించి, చెట్టుకూ గోడకూ దూరంగా మిద్దె మీద పెట్టండి. రోజూ ఉదయం 8.30కి చూసి రాయండి, వాతావరణ శాఖ కొలిచేదీ ఆ వేళకే. వాళ్ల లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ.

ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. మీ వంకలోకి నీళ్లు దించే కొండ ముఖం ఒక చదరపు కిలోమీటరు ఉందనుకుంటే, 100 మిల్లీమీటర్ల వాన అంటే దాని మీద పడేది 10 కోట్ల లీటర్లు. కొంత ఇంకుతుంది. నేల ముందే నానిపోయి ఉంటే ఇంకేది తక్కువ, దిగేది ఎక్కువ. అందుకే నేను రెండు అంకెలు రాస్తాను: నిన్నటి వాన ఒకటి, గత ఐదు రోజుల మొత్తం ఒకటి. రెండోది పెరిగే కొద్దీ మొదటిది తక్కువైనా భయపడాలి.

ఎంత వానకు కొండ జారుతుందన్న ప్రశ్నకు అన్ని చోట్లకూ ఒకే జవాబు లేదు. 1980లో కెయిన్ అనే శాస్త్రవేత్త ప్రపంచంలో నమోదైన ఘటనలను కలిపి ఒక కనీస గీత గీశాడు. దాని ప్రకారం ఒక గంటలో దాదాపు 15 మిల్లీమీటర్లు, లేదా 24 గంటల్లో దాదాపు 100 మిల్లీమీటర్లు దాటిన చోట రాళ్ల బురదకు అవకాశం మొదలవుతుంది. మన కొండకు ఇదే గీత అని కాదు. కానీ ఇంట్లో ఒక అంకె ఉండాలి కాబట్టి నేను దీన్ని తీసుకున్నాను.

మూడో పని: ఇంటి చుట్టూ

ఇక్కడ ఎక్కువ చెప్పను, ఎందుకంటే పెద్ద రాళ్ల బురదను ఏ ప్రహరీ గోడా ఆపదు. కానీ చిన్న జారుళ్లను మనమే తెచ్చుకుంటున్నాం. వాలు పాదాన్ని జేసీబీతో కోసి ప్లాట్ చదును చేయడం అన్నిటికంటే చెడ్డది, పైన ఉన్న మట్టికి అదే ఆసరా. ఇప్పటికే కోసి ఉంటే రిటైనింగ్ వాల్‌లో నీరు బయటికి కారే రంధ్రాలు ఉండాలి, అవి మట్టితో పూడిపోకుండా ఏటా పొడిచి శుభ్రం చేయాలి. రంధ్రాలు లేని గోడ వెనక నీళ్లు నిలిచి, గోడతో సహా మీద పడుతుంది. మిద్దె మీది నీళ్ల పైపు, సెప్టిక్ ట్యాంకు నీళ్లు వాలు మట్టిలోకి వదలవద్దు. వాలు పైన పగులు కనిపిస్తే బంకమట్టితో పూడ్చి, టార్పాలిన్ పట్ట కప్పి, పగులుకు రెండు వైపులా రెండు మేకులు కొట్టి వాటి మధ్య దూరం రాసుకోండి. అది పెరుగుతుంటే మరమ్మతు ఆలోచన మాని ఇల్లు ఖాళీ చేయండి.

వానాకాలం నాలుగు రోజులు కొండ వైపు గదిలో ఎవరూ పడుకోకూడదు. పిల్లల గదీ, అవ్వ మంచమూ వీధి వైపుకు, వీలైతే పై అంతస్తుకు మార్చండి. ఖర్చు లేని పని ఇది. చెబితే మొదట అందరూ నవ్వుతారు, అయినా చేయించండి.

నాలుగో పని: ఎప్పుడు బయలుదేరాలో ముందే రాసుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే చదవాలనుకునేవాళ్లు ఇది చదవండి.

2024 జూలై 30న వాయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల మీద కొండ దిగినప్పుడు టైం అర్ధరాత్రి దాటింది. మనుషులు నిద్రలో ఉన్నారు. ఇస్రో ఉపగ్రహ చిత్రాల ప్రకారం ఆ ప్రవాహం దాదాపు 8 కిలోమీటర్లు వెళ్లింది. అంతకుముందు రెండు రోజులు విపరీతంగా వాన పడింది. అంటే హెచ్చరిక వానలోనే ఉంది. రాత్రి చీకట్లో, కరెంటు పోయాక, వానలో తడుస్తూ, టెన్షన్‌లో ఉన్న మనిషి సరైన నిర్ణయం తీసుకోలేడు. అందుకని నిర్ణయం ముందే తీసుకుని, కాగితం మీద రాసి, ఫ్రిజ్ మీద అతికించాలి.

మా ఇంట్లో రాసుకున్నవి మూడు గీతలు. వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ ఇచ్చిన రోజు సంచి సర్దుతాం, బండి ముఖం రోడ్డు వైపు తిప్పి పెడతాం, ఎవరింటికి వెళ్తామో వాళ్లకు ఫోన్ చేసి చెబుతాం. మా డబ్బాలో 24 గంటలకు 100 దాటినా, లేదా ఐదు రోజులుగా నానిన నేల మీద 60 దాటినా, వెలుతురు ఉండగానే పెద్దమ్మనూ పిల్లలనూ ఊరి మధ్యలో ఉన్న మేనమామ ఇంటికి పంపుతాం. రెడ్ అలర్ట్ ఉండి చీకటి పడబోతుంటే, లేదా గంటలో 30 పడితే, అందరం వెళ్లిపోతాం. ఈ మూడూ అధికారిక అంకెలు కావు, మేం జాగ్రత్త వైపుకే జరిపి పెట్టుకున్నవి. మీ వంక ఇంటికి ఎంత దగ్గరో చూసి మీవి పెట్టుకోండి.

ఏదీ జరగకుండానే తెల్లవారి తిరిగి వచ్చే రోజులుంటాయి. మాకు రెండుసార్లు అలా అయింది. "ఊరికే తిప్పినావు" అని పెద్దమ్మ కోప్పడింది. తిరిగొచ్చి కోప్పడటానికి ఆమె ఉంది, నాకది చాలు.

సంచిలో ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకాలు ప్లాస్టిక్ కవరులో, వారం రోజుల మందులు, టార్చి, విజిల్, ఛార్జ్ అయిన పవర్ బ్యాంకు, అంతే. ఫోన్‌లో సచేత్ యాప్ పెట్టుకుంటే విపత్తు హెచ్చరికలు తెలుగులో వస్తాయి.

ఐదో పని: ఇంట్లో ఉండిపోతే చెవులు వంక మీద పెట్టండి

వంక నీళ్లు ఎర్రగా ఉండటం మామూలే. ఉన్నట్టుండి ముద్ద బురదగా చిక్కబడితే, పచ్చి కొమ్మలు కొట్టుకొస్తే జాగ్రత్త. వాన తగ్గకుండానే వంకలో నీళ్లు తగ్గిపోతే దానికంటే ప్రమాదం. చాలామంది "హమ్మయ్య, తగ్గింది" అనుకునేది అప్పుడే. పైన ఎక్కడో రాళ్లు అడ్డుపడి నీళ్లు కట్టుకుంటున్నాయి, ఆ అడ్డు తెగితే ఒక్కసారిగా వస్తుంది. ఎప్పుడూ నీరు లేని చోట కొత్త ఊట పుట్టడం, తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, కరెంటు స్తంభం వాలడం, ఇవన్నీ నేల కదులుతున్న గుర్తులు. శబ్దం గురించి చెప్పాలంటే, దూరంగా గూడ్సు రైలు వెళ్తున్నట్టు ఆగని గుడగుడ, దాని మధ్యలో చెట్లు విరిగే పటపట. నేల అదురు కాళ్లకు తెలుస్తుంది.

ఆ శబ్దం వినిపిస్తే వంకకు అడ్డంగా, పక్కకు, ఎత్తు వైపుకు పరిగెత్తండి. వంక వెంట కిందికి పరిగెత్తవద్దు, మీకంటే అదే వేగం. వంక దాటే ప్రయత్నం, వంతెన ఎక్కే ప్రయత్నం చేయవద్దు. బండి, గేదెలు, బీరువా వదిలేయండి. బయటికి పోయే వ్యవధి లేకపోతే పై అంతస్తుకు, కొండకు దూరంగా ఉన్న గదిలోకి వెళ్లి, తలను చేతులతో కప్పుకుని ముడుచుకోండి. ఒక ప్రవాహం ఆగిందని కిందికి దిగవద్దు. ఇది అలలు అలలుగా వస్తుంది, రెండోది మొదటిదానికంటే పెద్దది కావచ్చు.

ఫోన్ పనిచేస్తుంటే 112. గాయపడినవాళ్లుంటే 108.

ఘాట్ రోడ్డు, మెట్ల దారి

మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, మోక్షగుండం విశ్వేశ్వరయ్య రూపకల్పన. 1974లో వచ్చిన రెండోది ఇప్పుడు పైకి వెళ్లే దారి. 2021 నవంబరు మూడో వారంలో వానకు వరద రాళ్లు శ్రీవారి మెట్టు దారిని చెదరగొట్టాయి, తిరిగి తెరవడానికి 2022 మే దాకా పట్టింది. కానీ రెండో ఘాట్‌లో పెద్ద బండలు పడి రోడ్డు దెబ్బతిన్నది డిసెంబరు 1న, పెద్ద వరద వచ్చి పది రోజులు దాటాక. రాతి సందుల్లోకి దిగిన నీరు నిదానంగా పనిచేస్తుంది. కాబట్టి ఎండ కాసింది కదా అని మరుసటి రోజే పిల్లలతో నడిచి ఎక్కే మొక్కును కొన్ని రోజులు వాయిదా వేసుకోండి. స్వామి అక్కడే ఉంటాడు.

బండిలో వెళ్తుంటే కొండగోడ వైపు ఆపవద్దు, జలపాతం ఫొటో కోసం అసలే ఆపవద్దు. రోడ్డు మీద కొత్తగా చిన్న రాళ్లు, మట్టి రాలి ఉంటే పెద్దది రాబోతోందన్న గుర్తు కావచ్చు. అక్కడి నుంచి వెంటనే కదలండి. ముందు బండ పడి దారి మూసుకుపోతే గోడ లేని చోట ఆగి, వెనక వచ్చేవాళ్లకు లైట్లు వేసి చూపించండి.

చివరి పని: వాన వెలిశాక

తిరిగి ఇంటికి వెళ్లేముందు రెవెన్యూ సిబ్బందో, ఇంజినీరో చూసి సరేనన్నారా అని కనుక్కోండి. మెయిన్ స్విచ్ ఆపి లోపలికి వెళ్లండి. బురదలో పాములుంటాయి, చేతులు పెట్టకుండా కర్రతో కదపండి. బావి, బోరు నీళ్లు పరీక్ష అయ్యేదాకా కాచి తాగండి. బురద ఎత్తేముందు గోడ మీద దాని గుర్తు కనిపించేలా ఫొటోలు తీసుకుని సచివాలయంలో వీఆర్వోకు చూపండి, నష్టం నమోదుకు అవే ఆధారం.

తర్వాత సంక్రాంతి వెళ్లాక, నేల ఆరాక, మళ్లీ వంక దగ్గరికి వెళ్లండి. ఈసారి కొత్త రాళ్లు ఎంత దూరం వచ్చాయో చూడండి. కొత్త రాయి తెలిసిపోతుంది, పాతవాటిలా నల్లగా ఉండదు, విరిగిన ముఖం తేటగా ఉంటుంది. అన్నిటికంటే కిందికి వచ్చిన రాయి మీద ఎర్ర పెయింటుతో ఆ ఏడు రాయండి. మా పెద్దమ్మ వీధి పైన అలాంటివి ఇప్పుడు మూడున్నాయి. మూడోది ఇంటికి ముందటి రెండింటికంటే ఇరవై అడుగులు దగ్గరగా ఉంది, అందుకే ఈ ఏడాది మా రెండో గీతను 100 నుంచి 80కి దించాం.